దిండు కింద పన్ను

ప్రతి నెలా తొమ్మిదో తేదీ సాయంత్రం
డెల్‌రోజ్ నా బల్ల ముందు నిలబడుతుంది.
చేతులకి బ్లీచింగ్ వాసన, చంకలో గళ్ళ నోటుబుక్కు.
పదో తేదీలోపు చెప్పేయాలని చట్టం.
ఆమె పదిదాకా రానివ్వదు.

మెయిన్ తీరంలో సత్రం మాది,
లెక్కలు రాసేవాణ్ణి నేను.
లాబ్‌స్టర్లు తినే జనం ఉన్నన్నాళ్ళే ఆమెకి పని,
మే నుంచి అక్టోబరు దాకా.
తర్వాత జమైకా, ఎర్రమట్టి నేల,
సగం లేచిన వానతొట్టి.
సీజనుకి రెండు వరసల ఇటుకలు.

చదువుతుంది, నేను కొట్టుకుంటాను.
పద్నాలుగో గది, రెండు డాలర్లు.
ఆరు, ఏమీ లేదు.
ఇరవై ఒకటి, ఐదు. తువ్వాళ్ళు తొమ్మిది తడిపారు మరి.
మూడులో కెనడా నాణేలు,
మన డబ్బుల్లో ఎంతవుతుందో చూడు.
ఎనిమిది, ఏమీ లేదు. చీటీ ఉంది:
"గది అద్దంలా ఉంచారు, థాంక్యూ."
ఆ చీటీని కూడా బంకపెట్టి అతికించుకుంది.
దానికి గడి లేదన్నాను.
"ఉండనీ, అది నాది."

భోజనాల హాల్లో వడ్డించే మోల్దోవా కుర్రాడు
వ్యాచెస్లావ్ నవ్వుతాడు:
కాగితం నోటుకి నోరుంటుందా, డెల్‌రోజ్?
ఎవరు చూడొచ్చారు?
"వచ్చే ఏడు వీసా కొట్టేవాడికి కళ్ళుంటాయి నాయనా."

అయినా నాకు తెలుసు
భయం ఒక్కటే కాదు.
తుడిచిన కుళాయిని మళ్ళీ తుడిచే మనిషి.

కోతలు కోస్తాను.
దేశానికింత, రాష్ట్రానికింత,
ముసలితనం కోసమని ఇంకొంత,
ఈ దేశంలో ముసలిది కాబోని మనిషి దగ్గర.
ఆమె ఏమీ అనదు.
నేనూ ఏమీ అనను.
ప్రింటరు మాత్రం కాసేపు గొణుగుతుంది.

ఆగస్టులో ఒక రోజు
నోటుబుక్కు మూసేశాక
బొటనవేలి గోరంత మడత తీసి నా ముందు పెట్టింది.
ఒక డాలరు.
పదిహేడో గది, దిండు కింద.
"ఇది రాయకు."

నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళకి!

"అదికాదు. ఆ గదిలో ఆరేళ్ళ పిల్ల.
పాలపన్ను ఊడితే ఇక్కడి పిల్లలు దిండు కింద పెట్టుకుంటారుగా,
రాత్రి దేవతెవరో వచ్చి
పన్ను పట్టుకుపోయి డబ్బు పెడుతుంది.
పిల్ల మర్చిపోయి లేచిపోయింది.
ఇది నా టిప్పు కాదు. దాని పన్ను డబ్బు."

పన్ను పట్టుకుపోయి డబ్బు పెట్టే ఆఫీసు
ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు తగల్లేదు.

కారు అప్పటికే వెళ్ళిపోయింది.
రిజిస్టరు తిరగేసి అడ్రసు పట్టుకున్నాం.
కవరు సత్రానిది. స్టాంపు ఎవరిది?
తన చిల్లర లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది.
వాటి మీద కోత పడిపోయింది డెల్‌రోజ్, అన్నాను.
"అయితే శుభ్రమైన డబ్బే."

తర్వాత మూడు పేజీలు మామూలు పేజీలే.
రెండు. ఏమీ లేదు. ఏమీ లేదు. ఒకటిన్నర.
పర్వతారోహకులెవరో బూట్ల మట్టితోబాటు ఇరవై వదిలారు,
ఆ పూట ఆమె గొంతు కొంచెం లేచింది.

అక్టోబరు ఆఖర్న
పడవలు ఒడ్డుకి లాగి బోర్లించేశారు.
పెట్టె కట్టుకుని, కోటు వేసుకుని
బస్సుకి ఇరవై నిమిషాలుందనగా వచ్చింది.
చేతిలో ఒక ఉత్తరం.
మా సత్రం పేర, గదులు తుడిచే ఆవిడకి అని.

డబ్బుందా, అన్నాను అలవాటు కొద్దీ,
వేళ్ళు మీటల మీద పెట్టుకుని.

తెరిచి చూపించింది.
ఒక ఫొటో. రెండు జడలు,
చెవులదాకా సాగిన నోరు,
ముందర నల్లటి సందు.

పన్ను లేని నవ్వు.